నిద్ర పట్టని రాత్రి, ఒక చైనా పాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్, నాకు రాత్రిళ్ళు తొందరగా నిద్ర పట్టదు, పగలు ఆఫీసులో అన్న మాటలు, పడ్డ మాటలు బుర్రలో గిర్రున తిరుగుతూనే ఉంటాయి. మెడిటేషన్ యాప్‌లు కూడా పెట్టి చూశా, ఆలోచనల్ని అలా పోనివ్వండి అని ఆ గొంతు చెప్తుంటే ఇంకా చిరాకొస్తుంది. మా ఫ్రెండ్ ఒకామె చైనా ఆర్ట్ సాంగ్స్ విను, పాత కవితల్ని పియానోతో పాడతారు, మనసు కుదుటపడుతుంది అంది. ఆ భాష ఒక్క ముక్క రాదు నాకు. నిజంగా ఉపయోగం ఉంటుందా? ఉంటే దేంతో మొదలుపెట్టను?

జవాబు: ఉంటుందమ్మా. కాకపోతే పాట పక్కన మోగుతుంటే ఫోన్ చూస్కుంటూ కూర్చుంటే మాత్రం ఏం ఉండదు, అది ముందే చెప్పేస్తున్నా. ప్లేలిస్టులు వద్దు, ఒక్క పాట తీస్కోండి. నన్నడిగితే "హ్వా ఫేయ్ హ్వా"తో మొదలుపెట్టమంటా. థాంగ్ వంశం కాలంలో బాయ్ జూయీ (772–846) అనే కవి రాసింది, మొత్తం కలిపి 26 అక్షరాలే. 1930ల్లో హువాంగ్ జీ దానికి ట్యూన్ కట్టాడు. ఆయన అమెరికా వెళ్ళి వెస్టర్న్ మ్యూజిక్ చదువుకొచ్చి షాంఘైలో సంగీతం స్టూడెంట్లకి పాఠాలు చెప్పాడు, పాపం 34 ఏళ్ళకే పోయాడు.

కవితలో ఏముందంటే, పువ్వులా ఉంది గానీ పువ్వు కాదు, పొగమంచులా ఉంది గానీ పొగమంచు కాదు, అర్ధరాత్రి వస్తుంది, తెల్లారగానే వెళ్ళిపోతుంది, వసంతకాలం కలలాగా కాసేపు ఉంటుంది, పొద్దుటి మబ్బులాగా పోతుంది, వెతికినా దొరకదు. ఇంతే. అదేంటో కవి చెప్పడు. ప్రేమ అనుకునేవాళ్ళు ఉన్నారు, పోయినవాళ్ళ జ్ఞాపకం అనుకునేవాళ్ళు ఉన్నారు. మీకు ఇదే ఎందుకు చెప్పానంటే, మీ ఆఫీసు మాటలు కూడా సరిగ్గా అర్ధరాత్రే వచ్చి తెల్లారేసరికి ఎటో పోతున్నాయి కదా. యాప్ అయితే పోనివ్వు అని ఆర్డర్ వేస్తుంది, ఈ పాట ఎవరికీ ఏం చెప్పదు, ఒకటి రావడం, పోవడం అలా చూపిస్తుంది, చూస్తూ ఉంటే మనకే పట్టు కాస్త వదులవుతుంది.

వినే పద్ధతి కూడా చెప్తా. ముందు అర్థం ఒకసారి చదివేసి పక్కన పెట్టేయండి. కళ్ళు మూసుకుని మొదటిసారి పియానో ఒక్కటే పట్టించుకోండి. రెండోసారి పాడేవాళ్ళు ఎక్కడ ఊపిరి తీస్కుంటున్నారో గమనించండి, అది వినపడుతుంది, చిన్న చప్పుడు. ఇక మూడోసారి నోరు మూసుకునే హమ్ చెయ్యండి. చిన్న పాటే, గొంతు మరీ పైకి పోనక్కర్లేదు. హమ్ చేసేటప్పుడు ఊపిరి వదలడం దానంతటదే సాగుతుంది, ఊపిరి వదిలేటప్పుడు గుండె కొంచెం నెమ్మదిస్తుంది, అది శరీరంలో ఉన్న ఏర్పాటే. ఊపిరిని గమనించండి అని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు ఇక.

ప్రశ్న: నేను ఇవి వినడం మొదలుపెట్టి కొన్నాళ్ళయింది. విన్నవన్నీ దూరాలు, వీడ్కోళ్ళు, ఇంటి మీద బెంగ. ప్రశాంతత కోసం వింటే దిగులొస్తోందేంటండీ? ఆపేయమంటారా?

జవాబు: ఆపకండి. దిగులు పోతేనే ప్రశాంతత అని మనకి ఎవరో నేర్పించేశారు గానీ, ఈ కవులు అలా అనుకోలేదు.

జావ్ యువాన్‌రెన్ 1926లో ట్యూన్ కట్టిన పాట ఒకటుంది, "ఆమెని తలుచుకోకుండా ఎలా ఉండను" అనేది. లియూ బాన్‌నోంగ్ అనే కవి 1920లో లండన్‌లో ఉన్నప్పుడు, సొంతూరికి అంత దూరంలో కూర్చుని రాసిన కవిత అది. ఒకసారి అర్థం దగ్గర పెట్టుకుని వినండి. పైన పల్చటి మబ్బులు తేలుతున్నాయి, కింద చిరుగాలి వీస్తోంది, ఆ గాలికి నా జుట్టు కదులుతోంది, ఆ తర్వాత వస్తుంది బెంగ. ప్రతి చరణంలోనూ ముందు కంటికి కనపడేదో ఒంటికి తగిలేదో, దాని తర్వాతే బాధ. బెంగ వద్దు అనలేదు ఆయన, బెంగ పడుతూనే జుట్టు కదలడం కూడా గమనించాడు. మైండ్‌ఫుల్‌నెస్ అని ఇవాళ క్లాసులు పెట్టి చెప్తున్నది నా దృష్టిలో ఇదే.

ఇంకా పాత మనిషి సూ షీ (1037–1101). నాకు అందరికన్నా ఇష్టమైన కవి, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా ఏమనుకోకండి. రాసిన కవితల్లో ప్రభుత్వాన్ని ఎగతాళి చేశాడని 1079లో పట్టుకెళ్ళి జైల్లో పెట్టారు, ప్రాణం పోతుందనే అనుకున్నాడు, చివరికి వదిలేసి హువాంగ్‌జౌ అనే మారుమూల ఊరికి పంపేశారు, చేతిలో డబ్బుల్లేక అక్కడ పొలం చేసుకుని బతికాడు. 1082 వసంతంలో ఓ రోజు దారిలో ఉండగా వాన పట్టుకుంది, వాన నుంచి కాపాడే సామాన్లు ముందే వెళ్ళిపోయాయి, తోటివాళ్ళందరూ అవస్థ పడుతుంటే ఈయన మాత్రం వెదురు కర్ర, గడ్డి చెప్పులతో పాడుకుంటూ మెల్లగా నడిచాడట. కాసేపటికి ఎండొచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే వానా లేదు, ఎండా లేదు అని రాసుకున్నాడు. ఇది చాలామంది చెప్పేదే. నాకు మాత్రం దాని మధ్యలో ఉన్న ఒక చిన్న ముక్క మీదే ప్రాణం, వసంతపు గాలికి తాగిన మత్తు దిగింది, కొంచెం చలేసింది అంటాడు. చలి వేసిందని ఒప్పుకున్నాడు చూడండి! నిబ్బరంగా ఉండటం అంటే చలి వెయ్యకపోవడం కాదు కదా.

అదే హువాంగ్‌జౌలో ఉన్నప్పుడు యాంగ్‌త్సే నది మీద ఆయన రాసిన కవితకే జర్మనీలో లా చదువుతున్న ఛింగ్ జూ 1920లో సంగీతం కట్టాడు. చైనా ఆర్ట్ సాంగ్స్‌లో మొట్టమొదటిదిగా చాలామంది చెప్పేది అదే. తప్పకుండా వినండి, కాకపోతే పడుకునే ముందు వద్దు, అది పెద్ద గొంతుతో ఉప్పెనలా వచ్చే పాట, ఉన్న నిద్ర కూడా పోతుంది.

ప్రశ్న: డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాను. ఇలాంటి సంగీతం వింటూ మెల్లగా టాబ్లెట్లు మానెయ్యొచ్చా?

జవాబు: మానకండి. టాబ్లెట్ల సంగతి మీ డాక్టరుతోనే మాట్లాడాలి, పాట వాటికి బదులు కాదు. పాట పాటగా వినండి. ఏదైనా పాట వింటే బరువు ఎక్కువవుతుంటే ఆ రోజుకి ఆపేసి, దగ్గరివాళ్ళతో కాసేపు మాట్లాడండి. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే మాత్రం రేపటి దాకా ఆగొద్దు, వెంటనే డాక్టరుకి చెప్పండి.

ప్రశ్న: సంగీతం లేకుండా కవిత ఒక్కటే చదువుకుంటే సరిపోదా?

జవాబు: సరిపోతుంది. వాంగ్ వెయ్ చదవండి. బౌద్ధాన్ని బాగా నమ్మిన కవి, కొండల్లో ఓ ఇల్లు ఉండేది ఆయనకి, 20 అక్షరాల కవితలు బోలెడు రాశాడు. ఒకదాంట్లో కొండ మీద మనుషులెవరూ కనపడరు, ఎక్కడో మాటలు మాత్రం వినపడతాయి, సాయంత్రం ఎండ అడవి లోపలికి దూరి నాచు మీద పడుతుంది. "నేను" అనే మాట ఊసే లేదు అందులో. రోజుకి ఒక్కటే చదవండి, పుస్తకం మొత్తం ఒక్క ఊపులో లాగించేస్తే ఏదీ నిలవదు.

ప్రశ్న: నాకు వినడం కాదు, పాడాలనుంది. చైనా భాషలో ఒకే మాటని వేరే స్వరంలో పలికితే అర్థం మారిపోతుందట కదా, తప్పు పాడతానేమో అని భయం.

జవాబు: అవును, మాండరిన్‌లో నాలుగు స్వరాలు ఉన్నాయి, ఒకటి పైనే సమంగా ఉంటుంది, ఒకటి పైకి లేస్తుంది, ఒకటి కిందకి దిగి లేస్తుంది, ఒకటి దభీమని పడుతుంది. అయితే పాడేటప్పుడు ట్యూనే నడిపిస్తుంది కాబట్టి అంత భయం అక్కర్లేదు. ఇందాక చెప్పిన జావ్ యువాన్‌రెన్ పెద్ద భాషాశాస్త్రవేత్త, మాట ఎటు లేస్తే ట్యూన్ కూడా అటు లేచేలా చూడాలని బాగా ఆలోచించిన మనిషి. అసలు చైనాలో పాత కవితల్ని చప్పగా చదివేవాళ్ళే కాదు, మనం పద్యాన్ని రాగం తీసి చదివినట్టు వాళ్ళూ సాగదీసి చదివేవాళ్ళు, ఒక్కో ప్రాంతానిది ఒక్కో తీరు, ఆయన తన ప్రాంతపు తీరుని రికార్డు కూడా చేశాడు.

మీరు చెయ్యాల్సిందల్లా ముందు పాడకుండా ఒక్కో లైను పాడేవాళ్ళ వెనకాలే మెల్లగా పలకడం, తెలుగు లిపిలో రాసుకున్నా పర్లేదు. "హ్వా ఫేయ్ హ్వా"లో మొదటి నాలుగు ముక్కలూ మూడేసి అక్షరాలే, ఒక్కో ముక్కకీ ఒక ఊపిరి, ఆ తర్వాత వచ్చే రెండూ ఏడేసి అక్షరాలు, అక్కడ ఊపిరి చాలకపోతే మధ్యలో తీస్కోండి, ఎవరూ ఏం అనరు. మొదటి వారం ఆ నాలుగు చిన్న ముక్కలే చాలు.