మెదడులో రక్తస్రావం అయినవాళ్లకు రక్తం పలచబరిచే మందులెందుకు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మకు 56 ఏళ్లు. రెండు నెలల కిందట ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు వచ్చి పడిపోయింది. మెదడులో రక్తనాళం ఉబ్బి చిట్లిందన్నారు. గజ్జ దగ్గర నుంచి గొట్టం పంపి కాయిల్స్ వేశారు, స్టెంట్ కూడా పెట్టారు. అప్పుడు హెపారిన్ అనే రక్తం పలచబరిచే మందు ఇచ్చినట్టు డిశ్చార్జి కాగితాల్లో ఉంది. ఇప్పుడు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నాం. చేతుల మీద కమిలిన మచ్చలు వస్తున్నాయి. రక్తం కారిన మనిషికి ఈ మందులేంటని బంధువులు మానేయమంటున్నారు. పైగా దవడ పన్ను తీయించాలి. మానేయొచ్చా?

జవాబు: మానేయొద్దు. పన్ను కోసమైనా సరే, మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపొద్దు.

మీ బంధువుల అనుమానం సహజమే. ఈ చికిత్స చేసే డాక్టర్లకు కూడా అసలు చిక్కు అక్కడే. అన్యూరిజం (రక్తనాళం మీద వచ్చే ఉబ్బు) చిట్లినప్పుడు ఆ చిల్లును తాత్కాలికంగా మూసేది శరీరం తయారుచేసుకున్న రక్తపు గడ్డే. అది ఊడితే మళ్లీ రక్తస్రావం అవుతుంది; మొదటి 24 గంటల్లో ఆ ముప్పు చాలా ఎక్కువ. అందుకే త్వరగా కాయిలింగ్ చేస్తారు, అంటే ఆ ఉబ్బులో సన్నని తీగ చుట్టలు నింపి మూసేస్తారు. కానీ గొట్టం, తీగ, ప్లాటినం కాయిల్ అన్నీ రక్తానికి పరాయి వస్తువులే. వాటి మీద ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) పేరుకుంటాయి. అక్కడ పుట్టిన చిన్న గడ్డ కొట్టుకుపోయి పక్క కొమ్మలో ఇరుక్కుంటే పక్షవాతమే. పైగా మెదడులో రక్తస్రావం అయ్యాక రక్తానికి గడ్డకట్టే గుణం ఇంకా పెరుగుతుంది.

కాబట్టి కిటుకంతా మందు ఎప్పుడు, ఎంత ఇవ్వాలన్న దాంట్లో ఉంది. గొట్టంలోకి రక్తం వెనక్కి ఎక్కకుండా, హెపారిన్ కలిపిన సెలైన్‌ను ప్రెజర్ బ్యాగు బిగించి ఆగకుండా పంపుతూనే ఉంటారు. సిరలోకి ఇచ్చే హెపారిన్ మాత్రం చాలాచోట్ల మొదటి కాయిల్ కుదురుకున్నాకో, ఉబ్బు చాలావరకు మూసుకున్నాకో మొదలుపెడతారు. మోతాదు సరిపోయిందో లేదో ఏసీటీ అనే పరీక్షతో చూస్తారు. మామూలుగా 2 నిమిషాల్లో గడ్డకట్టే రక్తానికి 4 నుంచి 5 నిమిషాలు పట్టేలా ఉంచుతారు. ఒకవేళ అన్యూరిజం మళ్లీ చిట్లితే హెపారిన్‌కు విరుగుడు ప్రొటమిన్ అందుబాటులో ఉంటుంది. కాయిల్ వేసినప్పుడల్లా ఎక్స్‌రేలో కనిపించే డై పంపి, పక్క కొమ్మలు నిండుతున్నాయా లేదా అని తెర మీద చూసుకుంటారు. ఏ కొమ్మయినా మసకబారితే అక్కడ గడ్డ మొదలైందని అనుమానించి, ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా ఆపే టిరోఫిబాన్ లాంటి మందు ఇస్తారు.

ఇక స్టెంట్ సంగతి. చిట్లిన అన్యూరిజంలో వీలైనంతవరకు స్టెంట్ జోలికి వెళ్లరు. దాని వెంట రెండు మాత్రలు తప్పవు కాబట్టే. అమ్మగారికి పెట్టారంటే ఉబ్బు నాళంతో కలిసే మూతి (దాన్నే మెడ అంటారు) వెడల్పుగా ఉండి, కాయిల్స్ నాళంలోకి జారకుండా ఆపు కావాల్సి వచ్చి ఉండొచ్చు. రక్తం పారే నాళంలోనే ఉన్న ఆ లోహపు జాలీ మీద లోపలి పొర పరుచుకోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా మాత్రలు ఆపితే స్టెంట్ పూడుకుపోవచ్చు. సాధారణంగా రెండు మాత్రలూ 3 నుంచి 6 నెలలు వాడించి, తర్వాత ఆస్పిరిన్ ఒక్కటే కొనసాగిస్తారు. ఎప్పుడు తగ్గించాలో చికిత్స చేసిన డాక్టరే చెప్పాలి.

చేతుల మీద చిన్నచిన్న మచ్చలకు భయపడక్కర్లేదు. మలం తారులా నల్లగా వచ్చినా, ముక్కు నుంచి రక్తం ఆగకపోయినా వెంటనే చూపించండి. పన్ను విషయంలో డెంటిస్టుకు ఈ మందుల చీటీ చూపించి, న్యూరో డాక్టరుతో మాట్లాడించండి. కొన్నాళ్లు వాయిదా వేయొచ్చు. తీయక తప్పకపోతే మాత్రలు ఆపకుండానే కుట్టు వేసి, గాజుగుడ్డతో నొక్కిపెట్టి తీస్తారు. నొప్పికి పారాసిటమాల్ చాలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు. మెడికల్ షాపులో గ్యాస్ మాత్ర అడిగితే చాలాసార్లు ఒమెప్రజోల్ చేతిలో పెడతారు. అది క్లోపిడోగ్రెల్ పనితనాన్ని తగ్గిస్తుంది, పాంటోప్రజోల్ రాయించుకోండి.

మరో మాట. మన ఉత్తరాంధ్రలో పెద్దావిడలకు చుట్ట, అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది. అమ్మగారికి ఉంటే ఇప్పుడే మాన్పించండి. అన్యూరిజం పెరగడానికి, చిట్లడానికి పొగ, బీపీ పెద్ద కారణాలు. బీపీ మాత్రలు రాసి ఉంటే అవీ మానకూడదు.

మాట తడబడినా, మూతి వంకరపోయినా, కాలూచేయీ చచ్చుబడినా, మళ్లీ అలాంటి తలనొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయండి. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారని అంబులెన్సు ఎక్కగానే చెప్పండి.