తేలికైన క్లైంబర్ కొనే ముందు

చిరంజీవి సుధీర్‌కు,

వేటకు చెట్టెక్కి కూర్చునేందుకు వాడే క్లైంబింగ్ స్టాండ్లలో, అంటే క్లైంబర్లలో, అన్నిటికంటే తేలికైనది ఏదో చెప్పమని అడిగావు. నా లెక్కలో బరువు మూడో ప్రశ్న. నీవు వేటాడబోయే అడవిలో ఎలాంటి చెట్లున్నాయన్నది మొదటిది, ఆ స్టాండ్‌ను చీకట్లో చప్పుడు లేకుండా చెట్టుకు తగిలించగలవా అన్నది రెండోది. అల్యూమినియం క్లైంబర్లు సాధారణంగా 15 నుంచి 25 పౌండ్ల మధ్య ఉంటాయి. మైలు దూరం వీపున మోసేటప్పుడు ఆ తేడా తెలిసే మాట నిజమే కాని, పైకెక్కి గంటల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చినప్పుడు కాళ్లకింద కాస్త వెడల్పూ, వెన్నుకు కాస్త ఆసరా ఉన్నదే మేలనిపిస్తుంది. 20 పౌండ్లకు అటూఇటూగా ఉండి, మడిచినప్పుడు రెండు భాగాలూ ఒకదానిలో ఒకటి కదలకుండా ఒదిగే రకం చూసుకో.

జార్జియాలోని ఒకోనీ నేషనల్ ఫారెస్ట్‌కు వెళ్లదలచావు కనుక క్లైంబర్ సరైన ఎంపికే. అక్కడి లాబ్‌లాలీ పైన్, టులిప్ పాప్లర్ చెట్లు చాలా ఎత్తు వరకు కొమ్మ లేకుండా నిటారుగా పెరుగుతాయి. కొమ్మలున్న చెట్టుకు ఈ సాధనం పనికిరాదు. అలాంటి చోట శాడిల్ (నడుముకు కట్టుకుని చెట్టుకు వేలాడే పట్టీ సీటు), చిన్న ప్లాట్‌ఫారం, విడి మెట్లు వాడేవారు సుఖపడతారు. బెరడు పెచ్చులుగా ఊడే షాగ్‌బార్క్ హికరీని, నున్నని బెరడున్న బీచ్ చెట్టును, ఎండిపోయిన చెట్టును, ఒంటికి తగిలితే దురద పుట్టించే పాయిజన్ ఐవీ తీగ పాకిన చెట్టును ముట్టవద్దు. వాన వెలిసిన వెంటనే తడి బెరడుమీద, మంచు పేరుకున్న ఉదయాన ఎక్కే ఆలోచనే మానుకో.

సీటు భాగం పైన, పాదాల భాగం కింద, రెండింటికీ మాను చుట్టూ తిరిగే కేబుల్. మన బరువు పడగానే స్టాండ్‌కున్న లోహపు పళ్లు బెరడులో దిగి పట్టుకుంటాయి. సీటుమీద బరువు వేసి పాదాలతో కింది భాగాన్ని పైకి లాగడం, దానిమీద నిలబడి సీటును పైకి జరపడం, ఇంతే పని. అయితే మాను పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కనుక, నేలమీద ప్లాట్‌ఫారం సమతలంగా ఉంటే పైకి చేరేసరికి ముందుకు వాలిపోతుంది. అందుకే కింద ఉన్నప్పుడే దాని ముందంచు పైకి లేచి ఉండేలా కేబుల్ బిగించాలి. ఎంత లేపాలన్నది చెట్టునుబట్టి ఉంటుంది, పైన్‌కూ పాప్లర్‌కూ ఒకే కొలత సరిపోదు. సగం ఎక్కాక వంపు సరిచేయాలని చూడకు. దిగివచ్చి మళ్లీ బిగించుకో.

రెండు భాగాలనూ కలిపే తాడును ఎన్నడూ విప్పి ఉంచవద్దు. నీవు సీటుమీద ఉండగా పాదాలకింది భాగం జారి నేలకు పోతే, దిగే దారి లేక అక్కడే వేలాడవలసి వస్తుంది. ఒళ్లంతటినీ పట్టే హార్నెస్‌ను పైకి చేరాక కాదు, నేలమీద నిలబడి ఉండగానే మానుకు కట్టుకోవాలి. ఎక్కుతున్న ప్రతి అడుగుకూ ఆ కట్టును నీకన్నా పైకి జరుపుతూ పోవాలి. కూర్చున్నాక తాడు దాదాపు బిగువుగా ఉండాలి, ఎందుకంటే ఎంత వదులుంటే అంత దూరం పడతావు. హార్నెస్‌లో వేలాడే మనిషికి తొడల దగ్గర పట్టీలు రక్తప్రసారాన్ని అడ్డుతాయి, ఆ స్థితిలో ఎక్కువసేపు ఉండడం ప్రాణాపాయం. పాదం పెట్టి నిలబడేందుకు ఒక పట్టీ ఉచ్చును ముందు జేబులో, ఫోన్‌ను ఛాతీ జేబులో పెట్టుకో. ఏ చెట్టెక్కావో మీ ఆవిడకు ముందుగా తెలిసి ఉండాలి. విల్లును భుజాన వేసుకుని ఎక్కవద్దు, పైకి చేరాక తాడుతో లాగుకో. తుపాకీ అయితే గుళ్లు తీసేసి, గొట్టం కిందికి ఉండేలా కట్టాలి.

విల్లుతోనే మొదలుపెట్టమంటాను. నీవు ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నావు. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాదారులు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నా, ఆ లైసెన్సు గడువులు లెక్కపెట్టుకుంటూ తుపాకీ కొనడం నీకిప్పుడు అనవసరం. విల్లుకు ఆ చిక్కు లేదు. 1961 జనవరి 1 తరువాత పుట్టినవాడివి కనుక జార్జియాలో సీజన్ లైసెన్సుకు ముందు హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ పూర్తిచేయాలి. తుపాకీ సీజన్ నడుస్తున్న రోజుల్లో నడుముకు పైన 500 చదరపు అంగుళాల నారింజరంగు ఉండాలి. సీజన్‌కు ఒక్కొక్కరు 12 జింకల వరకు వేటాడవచ్చు, వాటిలో కొమ్ములున్నవి రెండే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పిని ముట్టుకున్నా జైలే అని తెలిసిన మీ అమ్మకు ఈ అంకె చెబితే నమ్మదు, చెప్పకపోవడమే మంచిది. ఒకోనీలోని రెడ్‌లాండ్స్, సీడర్ క్రీక్ వంటి డబ్ల్యూఎంఏలకు (వన్యప్రాణి నిర్వహణ ప్రాంతాలకు) తేదీలు వేరుగా ఉంటాయి, చూసుకుని వెళ్లు. అక్కడ చెట్టుకు మేకులు కొట్టి మంచె వేయకూడదు. నీ వెంట వచ్చి నీ వెంటే పోయే స్టాండే అన్నివిధాలా క్షేమం.

ఇక క్లైంబర్ అసలు లాభం దగ్గరికి వస్తున్నాను. తెల్లతోక జింక కంటికన్నా ముందు ముక్కుతో మనల్ని పట్టేస్తుంది. ఎండెక్కేకొద్దీ వేడెక్కిన గాలి వాలు వెంట పైకి పోతుంది, సాయంత్రం చల్లబడి వాగులవైపు దిగుతుంది. పొద్దున బాగున్న చెట్టు సాయంత్రం నీ వాసనను జింకల దారిలోకే పంపవచ్చు. అలాంటప్పుడు మొదటే ఎక్కిన చెట్టును పట్టుకుని వేలాడకుండా దిగి మరో చెట్టుకు మారడానికే నీవు ఇంత బరువు మోస్తున్నావు. ఓపిక తక్కువై మారడం వేరు, గాలి మారి మారడం వేరు. వైట్ ఓక్ కాయలు రాలే రోజుల్లో జింకలు వగరు ఎక్కువగా ఉండే రెడ్ ఓక్ కాయలను వదిలి వాటికే వస్తాయి. ఆ ఓక్‌నే ఎక్కక, గాలి వాటినుంచి నీవైపు వీచేలా సుమారు 20 గజాల దూరంలో పైన్‌ను చూసుకో. 18, 20 అడుగుల ఎత్తు చాలు. అంతకుమించితే బాణం మరీ ఏటవాలుగా దిగి ఒక ఊపిరితిత్తికే తగిలే ప్రమాదం ఉంది. కిందికి గురిపెట్టేటప్పుడు చేతులు దించక, నడుము దగ్గర వంగాలి.

లోహం లోహానికి తగిలే ప్రతిచోటా గుడ్డ టేపు చుట్టు. మందపాటి కోటును వేసుకుని నడవకు, చెమట పడుతుంది. సంచికి కట్టి తీసుకెళ్లి చెట్టుకింద తొడుక్కో. దిగేటప్పుడు ముందు విల్లును దించి, పాదాలు నేలను తాకేదాకా హార్నెస్ కట్టు విప్పకుండా రా. జింక దొరికితే 24 గంటల్లోగా రాష్ట్ర వేట నమోదు వ్యవస్థ అయిన గేమ్ చెక్‌లో నమోదు చేయాలి.

వాడిన క్లైంబర్ చవకగా దొరికితే కేబుళ్లు తుప్పుపట్టాయేమో, పట్టీల కుట్లు చీకాయేమో చూసి తీసుకో. వాడిన హార్నెస్ మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా వద్దు. శనివారం మా ఇంటికి వస్తే నా క్లైంబర్‌ను పెరట్లోని పాప్లర్‌కు రెండడుగుల ఎత్తులో కట్టి, నీచేత ఎక్కించీ దింపించీ చూస్తాను. కొనడం ఆ తరువాత ఆలోచిద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న