బాకీ చీటీలో రూపాయల లెక్క

ప్రశ్న: మాది బట్టల దుకాణం. అరువు ఖాతాలన్నీ ఎక్సెల్‌లో రాసుకుంటాము. నెలాఖరున ఒక్కొక్క ఖాతాదారుకు ‘మీ బాకీ ఇంత’ అని చీటీ పంపడానికి వాక్యాన్నీ, సొమ్ము ఉన్న గడినీ & గుర్తుతో కలిపితే, గడిలో ₹1,25,430.50 అని కనిపిస్తున్నది చీటీలో 125430.496 అని వస్తున్నది. ఎవరో చెప్పగా ఆ గడులన్నింటికీ డాలర్ ఫంక్షన్ పెట్టాను. చీటీ చక్కగా వచ్చింది కాని, ఆ వరుస అడుగున వేసిన మొత్తం సున్నా చూపుతున్నది. తప్పు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకుడు, చీరాల

జవాబు: మీ గడిలో మొదటినుంచీ ఉన్నది 125430.496 మాత్రమే. కరెన్సీ ఫార్మాట్ వేసినప్పుడు ఎక్సెల్ దానిని రెండు దశాంశాలతో, రూపాయి గుర్తుతో చూపుతుందే కాని లోపలి అంకెను ముట్టుకోదు; & గుర్తు ఆ లోపలి అంకెనే తీసుకుంటుంది. డాలర్ ఫంక్షన్ మాత్రం అంకెను అడిగినన్ని దశాంశాలకు సవరించి, కామాలూ కరెన్సీ గుర్తూ చేర్చి, అక్షరాల వరుసగా మార్చి ఇస్తుంది. అక్షరాలుగా మారిన గడులను సమ్ ఫంక్షన్ లెక్కలోకి తీసుకోదు కనుక మీకు సున్నా వచ్చింది. గడిని పరీక్షించడం తేలిక: మీరు ప్రత్యేకంగా అమర్చి ఉండకపోతే అంకెలు గడిలో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు ఒదిగి ఉంటాయి.

పేరు డాలర్ అయినా ఆ ఫంక్షన్ కంప్యూటరులోని ప్రాంతీయ సెట్టింగులను బట్టి గుర్తును ఎంచుకుంటుంది. భారతదేశం అని ఉంటే రూపాయి వస్తుంది. అదే ఫైలును డాలస్‌లో ఉన్న మీ తమ్ముడు తన కంప్యూటరులో తెరిచి మళ్లీ లెక్క కట్టిస్తే, పాపం ఆ ఖాతాదారు $125,430.50 బాకీ పడతాడు! అందుకే చీటీలకు నేను, అంకెను మనం చెప్పిన రూపంలో అక్షరాలుగా మార్చే టెక్స్ట్ ఫంక్షన్‌నే వాడమంటాను. అందులో రూపాయి గుర్తును మనమే రాస్తాము. లక్షలు, కోట్ల దగ్గర కామాలు మన పద్ధతిలో పడటానికి ఫార్మాట్‌ను ఇలా ఇవ్వవచ్చు:

"[>=10000000]₹##\,##\,##\,##0.00;[>=100000]₹##\,##\,##0.00;₹##,##0.00"

కోటి, ఆపైన ఉన్నవాటికి మొదటి భాగం, లక్ష నుంచి కోటి లోపు వాటికి రెండవది, మిగిలిన అన్నింటికీ మూడవది వర్తిస్తాయి. కామా ముందున్న వాలు గీత ‘ఇక్కడ ఊరికే కామా గుర్తు వేయి’ అని చెబుతుంది. అది లేకపోతే ఎక్సెల్ ఆ కామాను అంకెలను విడదీయమన్న ఆదేశంగా తీసుకుని, అమెరికా సెట్టింగు ఉన్న కంప్యూటరులో మూడేసి అంకెలకు ఒకటి చొప్పున వేస్తుంది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. గడిలో 99,999.996 ఉంటే ఏమవుతుందో చూడండి. అది లక్షకు తక్కువ కనుక మూడవ భాగంలోకి వెళ్లి, అక్కడ రెండు దశాంశాలకు సవరించబడి లక్ష అవుతుంది. అమెరికా సెట్టింగు ఉంటే ₹100,000.00 అని అచ్చవుతుంది. కనుక టెక్స్ట్ లోపల గడి పేరును నేరుగా ఇవ్వకుండా, ముందు రౌండ్ ఫంక్షన్‌తో రెండు దశాంశాలకు సవరించి ఆ ఫలితాన్ని ఇవ్వండి. ముందుగానే సొమ్ము కట్టి మీ దగ్గర జమ ఉన్న ఖాతాదారుల విషయంలో కూడా మైనస్ అంకెలు మూడవ భాగంలోకే పోతాయి. వారికి ఇఫ్ ఫంక్షన్‌తో వేరే వాక్యం రాసి, మైనస్ గుర్తు తీసేసిన అంకెను ‘మీ జమ’ అని చూపడమే మర్యాద.

ఇంతకీ 125430.496లో ఆ మూడవ దశాంశం ఎక్కడిది? బహుశా పన్ను లెక్కలోంచి వచ్చి ఉంటుంది. ₹333.35 ఖరీదు చేసే మూడు ముక్కలకు 5 శాతం పన్ను ఒక్కొక్క వరుసలో కట్టారనుకోండి. ప్రతి గడిలో 16.6675 ఉండి, 16.67గా కనిపిస్తుంది. అడుగున మొత్తం 50.00 అని వస్తుంది, ఎందుకంటే లోపలి మొత్తం 50.0025. కొనుగోలుదారు కాగితం మీద కూడుకుంటే 50.01 వస్తుంది. పైసాయే కదా అని మీరు అనవచ్చు కాని, బిల్లు చేత్తో కూడి చూసే వ్యాపారి మిమ్మల్ని వదలడు. ప్రతి వరుసలోనూ రౌండ్ పెట్టి ఆ తరువాత కూడితే ఈ తగాదా ఉండదు. ‘కనిపించినట్లే లెక్కించు’ అనే సెట్టింగు కూడా ఎక్సెల్‌లో ఉన్నది, కాని అది ఆ ఫైలులోని అసలు అంకెలను శాశ్వతంగా కోసివేస్తుంది, కాబట్టి దాని జోలికి పోవద్దు. ఇక పన్నును రూపాయికి సవరించడానికి 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ దారి చూపింది: 50 పైసలు, అంతకు మించితే పై రూపాయి, తక్కువైతే వదిలివేయడం.

మొత్తాల వరుసను అంకెలుగానే ఉంచి, చీటీ వాక్యం కోసం పక్కన మరొక వరుస తెరవండి. ఫంక్షన్ల పేర్లు మాత్రం షీటులో ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి.

ప్రశ్న: మాకు వచ్చిన ఫైలులో సొమ్ములన్నీ ఇప్పటికే అక్షరాలుగా ఉన్నాయి. వాటిని తిరిగి అంకెలుగా మార్చే వాల్యూ ఫంక్షన్ పెడితే కొన్ని మారుతున్నాయి, కొన్ని తప్పు చూపుతున్నాయి.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వెబ్ పేజీల నుంచి తెచ్చి అతికించిన అంకెలలో తరచుగా 160వ సంకేతపు ఖాళీ దాగి ఉంటుంది, చూడటానికి మామూలు ఖాళీలాగే ఉంటుంది కాని అదనపు ఖాళీలను తీసివేసే ట్రిమ్ ఫంక్షన్‌కు లొంగదు. సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌తో దానినీ, రూపాయి గుర్తునూ, కామాలనూ తీసివేసి, మిగిలినదానికి వాల్యూ పెట్టండి.

ప్రశ్న: చెక్కు మీద రాసినట్లు సొమ్మును మాటల్లో రాసే ఫంక్షన్ ఉన్నదా?
– అదే పాఠకురాలు

జవాబు: రూపాయలకు లేదు. విచిత్రంగా థాయ్‌లాండ్ బాట్‌కు మాత్రం బాట్‌టెక్స్ట్ అనే ఫంక్షన్ ఉన్నది. మనకు మాక్రోయే (ఎక్సెల్ లోపల మనమే రాసుకునే చిన్న ప్రోగ్రాము) గతి. అయితే మాక్రోలోని రౌండ్ సరిగ్గా సగం వచ్చినప్పుడు సరి సంఖ్య వైపు మొగ్గుతుంది: 62.50ని అది 62 చేస్తుంది, షీటులోని రౌండ్ 63 చేస్తుంది. అంకెల్లో 63, మాటల్లో అరవై రెండు అని చెక్కు తయారైతే, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం మాటల్లో ఉన్నదే చెల్లవలసిన మొత్తం. కాబట్టి షీటులోనే సవరించిన అంకెను మాక్రోకు అందించండి.