మాంగనీస్ మీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది విజయవాడ. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు ఉంది. మా అమ్మాయి విశాఖలో ఎమ్మెస్సీ జియాలజీ మొదటి సంవత్సరం చదువుతోంది. అగ్నిపర్వత శిలల పగుళ్లలో దొరికే మాంగనీస్, దాని జియోకెమిస్ట్రీ (రాళ్లలోని రసాయనాల చదువు) మీద వచ్చే ఏడాది ప్రాజెక్టు చేస్తానంటోంది. ఇంత చిన్న టాపిక్ పట్టుకుంటే ఉద్యోగం ఎవరిస్తారని ఇంట్లో అందరికీ టెన్షన్. మాన్పించి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చమంటారా?

జవాబు: మాన్పించకండి. ఎమ్మెస్సీ దాకా వచ్చిన పిల్లను మధ్యలో ఆపితే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. అయితే ఆ టాపిక్ విషయంలో అమ్మాయితో ఒకసారి మాట్లాడాల్సిన అవసరం మాత్రం ఉంది. మీరు భయపడుతున్న కారణం వేరు, నేను చెప్పేది వేరు.

మాంగనీస్ చిన్న సరుకేమీ కాదండీ. మీ షాపులో ఉన్న స్టీలు సామాను దేంట్లో చూసినా ఎంతోకొంత మాంగనీస్ ఉంటుంది. ప్రపంచంలో తవ్వే మాంగనీస్‌లో చాలా భాగం ఉక్కు తయారీకే పోతుంది. మిగతాదాంట్లో కొంత బ్యాటరీలకు వెళుతుంది.

ఇక ఆ ప్రాజెక్టులో అమ్మాయి ఏం నేర్చుకుంటుందో చూడండి. భూమి లోపలి వేడినీళ్లు అగ్నిపర్వత శిలల గుండా పాకుతూ, డికాక్షన్ దిగినట్టు, వాటిలోని ఇనుమునీ మాంగనీస్‌నూ కరిగించుకుంటాయి. పైకి వచ్చి ఆక్సిజన్ తగిలేసరికి ఇనుము ముందుగా పేరుకుంటుంది. మాంగనీస్ అంత త్వరగా లొంగదు, నీటితోపాటు ఇంకాస్త ముందుకు వెళ్లి పగుళ్లలో నల్లటి పట్టీలుగా స్థిరపడుతుంది. అమెరికాలో న్యూ మెక్సికోలోని సొకోరో దగ్గర లూయిస్ లోపెజ్ ప్రాంతంలో రయొలైట్ టఫ్‌ల (గట్టిపడిన అగ్నిపర్వత బూడిద రాళ్ల) పగుళ్లు ఇలాగే నిండాయి. అక్కడ మాంగనీస్‌తో పాటు కాల్సైట్ అనే సున్నపు ఖనిజం కూడా ఉంటుంది.

అయితే అలాంటి నల్లరాయి వర్షపు నీళ్ల వల్ల పైపైన కూడా ఏర్పడవచ్చు. రెంటినీ విడదీసి చెప్పడమే అసలు పని. బేరియం, సీసం, ఆర్సెనిక్, యాంటిమొనీ, టంగ్‌స్టన్ లాంటివి ఎక్కువగా కనిపిస్తే వేడినీళ్ల వైపు అనుమానం బలపడుతుంది. కానీ ఒక్క అంకె చూసి తీర్పు చెప్పేయకూడదు, ఫీల్డులో ఆ పట్టీ లోపలికి ఎంత దూరం వెళ్లిందో కూడా చూసుకోవాలి. రాయి చేతికి తీసుకుంటే, పైరొలుసైట్ అనే మాంగనీస్ ఖనిజం వేళ్లకు మసిలా అంటుకుంటుంది. సిలొమెలేన్ అనే ఇంకో మాంగనీస్ ఖనిజం గట్టిగా, ద్రాక్షగుత్తిలా బుడిపెలతో ఉంటుంది. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే మాంగనీస్ ఆక్సైడ్ మీద బుసబుసా నురగ వస్తుంది. కంటికి అన్నీ నల్లగానే ఉంటాయి గనక ఖనిజం ఏదో తేల్చడానికి ఎక్స్‌ఆర్‌డీ అనే ఎక్స్‌రే పరీక్ష, అతి కొద్దిగా ఉండే మూలకాలను కొలవడానికి ఐసీపీ-ఎంఎస్ అనే ల్యాబు పరీక్ష చేయించాలి. ఈ పద్ధతులే రేపు రాగికీ, లిథియానికీ, భూగర్భ జలాలకూ పనికొస్తాయి.

నా అభ్యంతరం ఎక్కడంటే, మన రాష్ట్రంలో పేరున్న మాంగనీస్ గనులు విజయనగరం జిల్లాలో, గరివిడి, గర్భాం వైపు ఉన్నాయి. అవి ఖొండలైట్ లాంటి రూపాంతర శిలల్లోవి (భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ మారిపోయిన రాళ్లు), అగ్నిపర్వత శిలల్లోవి కావు. అక్కడి కోడూరు పేరుమీదే ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ‘కోడురైట్’ అని ఒక శిలకు పేరు పెట్టాడు. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో బసాల్ట్ అనే అగ్నిపర్వత శిల ఉంది గానీ, మాంగనీస్ కోసం అక్కడికి వెళ్లేవాళ్లు లేరు. కాబట్టి టాపిక్ అలాగే ఉంచితే అమ్మాయి సొంతంగా రాయి కొట్టకుండా, ఎవరో అచ్చువేసిన అంకెలతోనే ప్రాజెక్టు ముగించే ప్రమాదం ఉంది. నేనైతే గరివిడి వైపు శాంపిళ్లు తీసుకుని, అగ్నిపర్వత శిలల్లోని మాంగనీస్‌తో పోల్చి చూడమంటాను. విశాఖ నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు కూడా.

ఉద్యోగాల మాటకొస్తే, ప్రాజెక్టు పేరు చూసి ఎవరూ తీసుకోరు. యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష అసలు గురి కావాలి. ఎమ్మెస్సీ చివరి ఏడాదిలోనే దరఖాస్తు చేయవచ్చు, వయసు 21 నుంచి 32 వరకు. ప్రిలిమ్స్‌లో జియాలజీ పేపరు 300 మార్కులు, జనరల్ స్టడీస్ 100 మార్కులు. మెయిన్స్‌లో 200 చొప్పున మూడు పేపర్లు, ఆపైన ఇంటర్వ్యూ. దీంతో జియొలాజికల్ సర్వే, కేంద్ర భూగర్భ జల మండలి రెండింటికీ దారి ఉంది. గేట్‌లో జియాలజీ పేపరు కూడా రాయించండి, పీహెచ్‌డీకి వెళ్లాలన్నా అది అక్కరకొస్తుంది. హైదరాబాద్‌లోనే ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ), అణు ఖనిజాల డైరెక్టరేట్, ఎన్‌ఎండీసీ (ప్రభుత్వ గనుల సంస్థ) ఉన్నాయి. ప్రైవేటు గనుల్లో మొదట జీతం తక్కువ, ఊరికి దూరంగా క్యాంపుల్లో ఉండాలి. పెళ్లి సంబంధాల మాట వస్తే ఇంట్లో ఈ సంగతి మళ్లీ లేస్తుంది, కాబట్టి ఫీల్డ్ ఉద్యోగం ఇష్టమా, ల్యాబ్ ఇష్టమా అని ముందే తననే అడగండి.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. ఈ సెమిస్టర్ అయ్యేలోపు గైడ్‌ను అమ్మాయి మూడు విషయాలు అడగాలి: శాంపిళ్లు తీయడానికి గని వాళ్ల అనుమతి ఎవరు ఇప్పిస్తారు, పరీక్షలు ఏ ల్యాబులో చేయిస్తారు, ఆ ఖర్చు ఎవరిది. మూడోదానికి జవాబు తేలకపోతే టాపిక్ ఇప్పుడే మార్చుకోమనండి.