దర్శకుడు మారితే కథలో ఏం మారాలి?

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

మంత్రవిద్యలు నేర్పే బడిలో చదివే కుర్రవాడి కథ హ్యారీ పాటర్‌ను కె.వి. రెడ్డి గారు తీసి ఉంటే ఎలా ఉండేదని నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మన తాడిపత్రి ప్రాంతంలో పుట్టిన దర్శకుడి చేతిలో ఆ కథను పెట్టి చూడాలన్న ఊహ నాకెంతో నచ్చింది. కాకపోతే నీ వ్యాసం నిండా ద్వారకను పోలిన కోట, గద్దె మీద ఆ బడి పెద్ద డంబుల్‌డోర్, వెన్నెల్లో పడవ పాట ఉన్నాయి. అవన్నీ ఆయన సినిమాల అలంకారాలు నాయనా. ఆయన దర్శకత్వం మాత్రం నీ పేజీల్లోకి ఇంకా రాలేదు.

దర్శకుడి ముద్ర ఆయన వదిలేసినవాటిలో ముందు తెలుస్తుంది. ఆయన తీసిన 1957 నాటి మాయాబజార్‌లో అభిమన్యుడి పెళ్ళి జరుగుతుంది గానీ, కన్నతండ్రి అర్జునుడితో సహా పాండవులెవరూ తెర మీదికి రారు, చూసేవాళ్ళకు ఆ లోటూ తెలియదు. 2004లో హ్యారీ పాటర్ మూడో సినిమా తీసిన అల్ఫోన్సో క్వారాన్ కూడా, కోటలో ఎవరెక్కడున్నారో చూపే మాయపటాన్ని చేసినవాళ్ళెవరో చెప్పకుండానే కథ నడిపించాడు. పుస్తకాన్ని ప్రేమించినవాళ్ళకు అది బాధ కలిగించే కోత, నాకూ కలిగించింది. అయినా అలాంటి సాహసం నీ ఊహాచిత్రంలో ఒక్కటీ లేదు, ఎందుకంటే నువ్వు పుస్తకంలోని ఏ అధ్యాయాన్నీ వదులుకోవడానికి సిద్ధపడలేదు.

ఏడు పుస్తకాల జోలికి పోవద్దు. మొదటి పుస్తకంలో మనసులోని గాఢమైన కోరికను చూపే అద్దం ఘట్టాన్ని ఒక్కదాన్నే తీసుకో. క్రిస్మస్ సెలవుల్లో, రాత్రివేళ, ఎవరూ వాడని గదిలో హ్యారీ ఆ అద్దంలో తన తల్లిదండ్రులను చూస్తాడు. మర్నాడు వెంట వచ్చిన స్నేహితుడు రాన్‌కు అందులో అమ్మానాన్నలు కనబడరు, గెలుపు కప్పు పట్టుకొని నిలబడ్డ తానే కనబడతాడు. ఇప్పుడు మాయాబజార్‌లోని ప్రియదర్శినిని గుర్తు చేసుకో. అదీ మనసుకు ప్రియమైనదాన్నే చూపే పెట్టె. కానీ కె.వి. రెడ్డి గారు దాన్ని ఇంటిల్లిపాది నడుమ తెరిపించారు. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని కనబడేసరికి, రాబోయే కథలో ఎవరు ఎటు మొగ్గుతారో ఆ కాసేపట్లోనే మనకు తెలిసిపోతుంది.

నీ వ్యాసానికి అసలు ప్రశ్న ఇక్కడుంది. ఆయన ఆ అద్దాన్ని రాత్రి గదిలోంచి భోజనశాలలోకి, పిల్లలందరి ముందుకు తెచ్చి ఉండేవారా? తెస్తే సన్నివేశానికి సందడి వస్తుంది, రాన్ ఆశ అందరికీ తెలిసి నవ్వూ పుడుతుంది. అయితే తల్లిదండ్రులు లేని కుర్రవాడు ఒంటరిగా ఆ గాజు ముందు కూర్చున్నప్పటి దుఃఖం పోతుంది. అది పోయినా ఫరవాలేదనుకుంటే ఎందుకో రాయి. పోకూడదనుకుంటే, పదిమంది నడుమ దాన్ని ఎలా నిలుపుతారో ఆయన పద్ధతిలోనే ఆలోచించు.

ఇంకొకటి కూడా ఉంది. మీకేం కనబడుతుందని హ్యారీ అడిగితే, ఉన్ని మేజోళ్ళని డంబుల్‌డోర్ చెబుతాడు. ఆయన నిజం చెప్పి ఉండకపోవచ్చని ఆ కుర్రవాడికి తర్వాత తోస్తుంది. అందరూ చూస్తుండగా పెట్టె తెరుచుకుంటే ఆ పెద్దాయన దాచుకోలేడు. కృష్ణుడంతటివాడి మనసులో ఉన్న శకునినే బయటపెట్టిన దర్శకుడు డంబుల్‌డోర్‌కు ఆ మరుగు మిగిల్చి ఉండేవారా? ముందు ఈ ఒక్క సన్నివేశాన్ని సంభాషణలతో సహా రాసి నాకు పంపు; కోట సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి