మూడు పేజీల ఉత్తరంలో టిఫిన్ బాక్సు గురించి ఒక్క లైను

ప్రశ్న: మేడమ్, మేం పన్నెండేళ్లుగా ఆస్ట్రేలియాలో ఉంటున్నాం, ప్రస్తుతం న్యూకాజిల్‌లో. మా బాబుకి 15 ఏళ్లు, ఇయర్ 10. చిన్నప్పుడు నాలుగేళ్లు వయొలిన్ నేర్పించాను, మానేశాడు. ఇప్పుడు క్లాసులో ఇంకో ఇద్దరితో కలిసి బ్యాండ్ పెట్టాడు. గ్రంజ్ అనే రకం రాక్ సంగీతం అట. ఒకటే రొద. ఎనిమిది పాటలు రాసుకున్నారు, ఆల్బమ్ చేస్తారట, స్టూడియోకి తలా 600 డాలర్లు వేసుకోవాలట. మిగతా ఇద్దరి ఇళ్లలో ఒప్పుకున్నారు. మా ఆయన ససేమిరా అన్నారు, గిటారు తీసుకెళ్లి కారు డిక్కీలో పెట్టి తాళం వేశారు. మూడు వారాలైంది. వాడు మాతో మాట్లాడడు, అన్నం గదిలోకి తీసుకెళ్లిపోతున్నాడు, స్కూలు టిఫిన్ బాక్సు చాలా రోజులు అలాగే తిరిగొస్తోంది. పాటల నోట్‌బుక్ చూస్తే చావు, చీకటి తప్ప ఏమీ లేవు. గ్రంజ్ అంటే ఏంటని వెతికితే గ్రంజ్ గాయకుడు కర్ట్ కోబేన్ ఆత్మహత్య గురించి వచ్చింది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఆల్బమ్ చేయనివ్వాలా, వద్దా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడు పేజీలు, పైన బాగా కుదించి వేశాం. అందులో స్టూడియో డబ్బు గురించి ఉంది, హెచ్‌ఎస్‌సీ (ఇయర్ 12 చివరి పరీక్ష) గురించి ఉంది, గుంటూరు నుంచి మీ అత్తగారు ఫోన్లో అన్న మాటలున్నాయి, మీ ఆయన ఆ ఇద్దరు పిల్లల తల్లిదండ్రులకు ఫోన్ చేసి గొడవపడ్డ సంగతి ఒక పేజీ నిండా ఉంది. టిఫిన్ బాక్సు గురించి మాత్రం ఒక్క లైను. అది రాసేసి మీరు వెంటనే మళ్లీ డబ్బు దగ్గరికి వెళ్లిపోయారు. నేను ఆ లైను దగ్గరే ఆగిపోయాను, ముందు దాని గురించే మాట్లాడతాను, ఆల్బమ్ సంగతి తర్వాత.

ఎందుకు ఆగానో చెప్పాలంటే మీరుంటున్న ఊళ్లోనే జరిగిన ఒక కథ చెప్పాలి. మీకు తెలిసే ఉండొచ్చు, మీ అబ్బాయికైతే తప్పకుండా తెలిసి ఉంటుంది. న్యూకాజిల్‌లో ముగ్గురు స్కూలు పిల్లలు డేనియల్ జాన్స్, బెన్ గిల్లీస్, క్రిస్ జొవానూ గ్యారేజీలో వాయించుకునేవాళ్లు. 1994లో ఎస్‌బీఎస్ టీవీ, ట్రిపుల్ జే రేడియో కలిసి పెట్టిన పోటీకి ఒక పాట పంపారు, గెలిచారు. సిల్వర్‌చెయిర్ అని పేరు మార్చుకున్నారు. సిడ్నీలో తొమ్మిది రోజుల్లో రికార్డింగ్ ముగించి, 1995 మార్చిలో మొదటి ఆల్బమ్ 'ఫ్రాగ్‌స్టాంప్' తెచ్చారు. అప్పటికి వాళ్ల వయసు అటూ ఇటూగా మీ అబ్బాయిదే, పదిహేను. ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో నంబర్ వన్. అమెరికాలో టాప్ టెన్‌లోకి వెళ్లింది, ఒక్క ఆ దేశంలోనే 20 లక్షల కాపీలు దాటి అమ్ముడుపోయింది.

ఆ తల్లిదండ్రులు చేసినవాటిలో నాకు బాగా నచ్చినవి రెండున్నాయి. ఊరూరా కచేరీలకు వెళ్లినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు వెంట ఉండేవాళ్లు. బడి మానిపించలేదు. అంత పేరొచ్చాక కూడా ఆ పిల్లలు తిరిగొచ్చి క్లాసులో కూర్చున్నారు, 1997 చివరికి స్కూలు పూర్తిచేశారు. చాలామంది పెద్దవాళ్లకి ఆ నిగ్రహం ఉండదు, డబ్బొస్తుంటే చదువు ఎందుకులే అనుకుంటారు.

అయినా పాటలు రాసి పాడే ఆ డేనియల్ తిండి మానేశాడు. అనొరెక్సియా, అంటే ఆకలి లేక కాకుండా, తిండిని శత్రువులా చూసే జబ్బు. సొంత ఊళ్లోనే రోడ్డు మీద తిట్టేవాళ్లు, వెంటపడేవాళ్లు అని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. 1999లో వచ్చిన మూడో ఆల్బమ్‌లో ఆ జబ్బు మీద పాట రాసేదాకా బయట లోకానికి సంగతి తెలియదు. చుట్టూ ఇంతమంది ఉన్నారు, అమ్మానాన్నలున్నారు, అయినా ఒక కుర్రవాడు లోపల్లోపల అంత దూరం వెళ్లిపోగలడు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. ఎవరి తప్పూ అని చెప్పడానికి లేదు, ఆ వయసు పిల్లలు అంత బాగా దాచగలరు, అంతే.

మీ వాడికి ఆ జబ్బు ఉందని నేను అనడం లేదమ్మా. మూడు వారాలుగా నాన్న మీద కోపంతో తినకపోవచ్చు, లేదా లంచ్ టైములో ఆ ఇద్దరితో కలిసి మ్యూజిక్ రూములో కూర్చుని తినడం మర్చిపోతూ ఉండొచ్చు, క్యాంటీన్‌లో ఏదో కొనుక్కుంటూ ఉండొచ్చు. కానీ మగపిల్లల్లో ఇది ఉంటుందనే ఆలోచనే మన ఇళ్లలో రాదు. ఆడపిల్ల తినకపోతే పదిమంది అడుగుతారు, మగపిల్లాడు సన్నబడితే పొడుగవుతున్నాడులే అనుకుంటాం. అందుకని కొన్ని చూడండి. ప్యాంట్లు వదులయ్యాయా, ఎప్పుడూ చలిగా ఉందంటున్నాడా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా, గదిలోకి తీసుకెళ్లిన కంచం నిజంగా ఖాళీ అవుతోందా లేక చెత్తబుట్టలోకి పోతోందా. ఏ జవాబు వచ్చినా సరే, ఈ వారంలోనే మీ ఫ్యామిలీ డాక్టరు (జీపీ) దగ్గరికి తీసుకెళ్లండి, నాడి, బీపీ, రక్తపరీక్ష చూస్తారు. అవసరమైతే ఆయనే మెంటల్ హెల్త్ కేర్ ప్లాన్ రాస్తారు, దానితో ఏడాదికి పది సెషన్ల దాకా సైకాలజిస్టు ఫీజులో కొంత ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఇస్తుంది. 12 నుంచి 25 ఏళ్ల వాళ్ల మానసిక ఆరోగ్యం కోసమే హెడ్‌స్పేస్ సెంటర్లు ఉన్నాయి, మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఒకవేళ కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడుతోందన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, నేరుగా ఎమర్జెన్సీకే.

వాడి ముందు మాత్రం బరువు మాట ఎత్తకండి. "చూడు ఎలా పుల్లలా అయిపోయావో" అనడం మనకి ప్రేమగానే అనిపిస్తుంది, వాడికి అది వేరేలా వినిపిస్తుంది.

ఇక ఆ నోట్‌బుక్. వాడికి తెలియకుండా చదివారు, భయంతో చదివారు, అది నాకు అర్థమైంది, కానీ వాడితో మాట్లాడేటప్పుడు ఆ తప్పు ఒప్పుకోవాలి. గ్రంజ్ అనేది 80ల్లో అమెరికాలోని సియాటిల్ దగ్గర పుట్టిన సంగీతం, గిటారు గొంతు బొంగురుపోయేలా వాయించడం, నెమ్మదిగా మొదలై ఒక్కసారిగా విరుచుకుపడటం, మాటల్లో బాధ, కోపం, ఒంటరితనం, ఇవే దాని స్వభావం. మన కరుణరసం లాంటిదే అనుకోండి. ఫ్రాగ్‌స్టాంప్‌లో కూడా ఒక పాట పేరులోనే ఆత్మహత్య మాట ఉంది, అది రాసింది పదిహేనేళ్ల పిల్లాడు. పిల్లలు వార్తల్లో చూసింది, పక్కవాడి ఇంట్లో జరిగింది, సినిమాలో చూసింది అన్నీ "నేను" అనే రాస్తారు. కాబట్టి చీకటి పాట రాసినంత మాత్రాన వాడు చావు గురించి ఆలోచిస్తున్నట్టు కాదు. అలాగని ఆలోచించడం లేదని కూడా నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. అది తెలుసుకోవడానికి ఒక్కటే దారి, వాణ్నే అడగడం.

కారులో అడగండి, పక్కపక్కన కూర్చుని, ముఖం ముఖం చూసుకోకుండా ఉన్నప్పుడు ఈ వయసు పిల్లలు కాస్త తేలిగ్గా మాట్లాడతారు. "నీ పుస్తకం చదివాను నాన్నా, అడక్కుండా చదవడం తప్పే, సారీ. చదివాక నాకు భయమేసింది. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా నీకు?" ఇంత సూటిగానే. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని మీరు రాశారు, అలా జరగదు, ఇది డాక్టర్లు తేల్చిచెప్పిన విషయం. అడిగినందుకు లోపల బరువు కాస్త దిగుతుంది. అవునంటే, లేదా ఏమీ అనకుండా ఏడిస్తే, కారు ఆపి పక్కనే ఉండండి, తిట్టొద్దు, ఒట్లు వేయించుకోవద్దు, ఆ రోజే డాక్టరు దగ్గరికో ఎమర్జెన్సీకో వెళ్లండి, ఒంటరిగా వదలకండి. వాడికి మీతో చెప్పడం ఇష్టం లేకపోతే కిడ్స్ హెల్ప్‌లైన్ 1800 55 1800 ఉంది, పగలూ రాత్రీ ఎత్తుతారు, ఉచితం. ఆ నంబరు వాడి ఫోన్లో ఉండనివ్వండి. లేదు అని నవ్వేస్తే, "మరి ఆ మూడో పాట దేని గురించి?" అని అడగండి. అక్కడ మాటలు మొదలవుతాయి, చూడండి.

ఇప్పుడు ఆల్బమ్. చేయనివ్వండి. తటపటాయించకుండా చెబుతున్నాను.

సిల్వర్‌చెయిర్ లాగా అవుతాడని కాదు. లక్షల్లో ఒక బ్యాండుకి జరిగేది అది, ఆ లెక్కతో పిల్లాడికి ఆశ పెట్టడం తప్పు, మీ ఆయన్ని ఒప్పించడానికి వాడటం ఇంకా తప్పు. ఈ ఆల్బమ్‌ని క్లాసువాళ్లు, ఇద్దరు టీచర్లు, ఓ కజిన్ వింటారేమో. సరే, విననివ్వండి. ముగ్గురు పిల్లలు ఎనిమిది పాటలు మొదలుపెట్టి ఎనిమిదీ పూర్తిచేశారంటే, అలసిపోయాక కూడా ఇంకో టేక్ చేశారంటే, గొడవపడి మళ్లీ కలిశారంటే, ఆ ఓర్పు వాడికి ఏ ట్యూషన్ సెంటర్లోనూ దొరకదు. వయొలిన్ మానేశాడని మీకు ఇప్పటికీ బాధగా ఉంది, ఉత్తరంలో రెండుసార్లు రాశారు. కానీ అమ్మా, మీరు నాలుగేళ్లు కూర్చోబెట్టి నేర్పించిన శ్రుతి, తాళం ఆ రొదలోనే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. ఒకసారి కూర్చుని వినండి, మీకు తెలిసిపోతుంది.

చదువు గురించి మీ ఆయనకున్న టెన్షన్‌ని నేను చిన్నబుచ్చను. అప్పుచేసి దేశం కాని దేశం వచ్చి, మొదటి రెండేళ్లు రాత్రి డ్యూటీలు చేసిన మనిషికి పిల్లాడి మార్కులంటే తన కష్టానికి వచ్చే జవాబు. "మొక్కై వంగనిది మానై వంగునా" అని ఆయన అన్నారని రాశారు. భయపడ్డ మనిషి మాట అది. కానీ లెక్క చూస్తే ఇయర్ 10 కన్నా మంచి సమయం దొరకదు. హెచ్‌ఎస్‌సీకి కలిసే అసెస్‌మెంట్లు ఇయర్ 12 కోర్సులో, అంటే ఇయర్ 11 చివరి టర్మ్ నుంచి మొదలవుతాయి. ఇప్పుడు వద్దని తొక్కిపెడితే ఆ కోరిక సరిగ్గా అప్పుడే తన్నుకొస్తుంది. ఇంకో సంగతి, సంగీతం హెచ్‌ఎస్‌సీలో ఒక సబ్జెక్టు, యూనివర్సిటీ సీటుకి చూసే ఏటార్ ర్యాంకు లెక్కలోకి వస్తుంది. మీ ఆయన్ని తీసుకుని ఒకసారి స్కూల్లో మ్యూజిక్ టీచర్ని కలవండి. వాళ్ల నోటి నుంచి వింటే ఆయనకి వేరేగా ఉంటుంది.

600 డాలర్లు మీరు పూర్తిగా ఇవ్వకండి, సగం వాడు సంపాదించుకోవాలి, సెలవుల్లో ఏ పనైనా సరే. రికార్డింగ్ కూడా స్కూలు సెలవుల్లోనే పెట్టుకోమనండి. అన్ని పాటలూ గ్యారేజీలో ఆగకుండా వాయించగలిగాకే స్టూడియోకి వెళ్లాలి, లేకపోతే గంటకింత కట్టి అక్కడ ప్రాక్టీసు చేసినట్టవుతుంది. పాటలు పెట్టడానికి ట్రిపుల్ జే అన్‌ఎర్త్‌డ్ ఉంది, డబ్బులు అక్కర్లేదు. ఎవరైనా కాగితం మీద సంతకం పెట్టమంటే మాత్రం, ఎంత మంచివాళ్లైనా, మీరిద్దరూ చదవకుండా, కళాకారులకు న్యాయ సలహా ఇచ్చే ఆర్ట్స్ లా సెంటర్ లాంటి చోట అడక్కుండా పెట్టనివ్వొద్దు. పాట ఎవరు రాశారో ముగ్గురూ ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకోవాలి, స్నేహాలు చెడేది అక్కడే.

చెవుల సంగతి కూడా చెప్పాలి, ఇది ఎవరూ చెప్పరు. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు భరించగలం, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. గ్యారేజీలో డ్రమ్స్, రెండు ఆంప్లిఫైయర్లు కలిస్తే తేలిగ్గా వంద దాటుతుంది, అక్కడ పావుగంటే హద్దు. ముగ్గురికీ మంచి ఇయర్‌ప్లగ్స్ మీరే కొనివ్వండి. రాత్రి పదికి ఆపేయాలి, శుక్ర శనివారాల్లో చట్టం అర్ధరాత్రి దాకా ఒప్పుకుంటుంది గానీ పక్కింటివాళ్ల కోసం అప్పుడూ పదికే ఆపమనండి.

మీ అత్తగారికి మీరు జవాబు చెప్పక్కర్లేదు, ఆ ఫోన్ మీ ఆయన మాట్లాడాలి.

మీ ఆయనకి ఈ జవాబంతా చదివి వినిపించకండి, పాఠం చెప్పినట్టు ఉంటుంది. టిఫిన్ బాక్సు సంగతి మాత్రం ఈ రాత్రే చెప్పండి. ఆయనకి తెలిసి ఉండదు, బాక్సులు కడిగేది మీరే కదా. గిటారు మీద పంతం పట్టిన మనిషే ఈ మాట వింటే కుర్చీలోంచి లేస్తాడు, తండ్రులు అలాగే ఉంటారు, నేను ఎంతోమందిని చూశాను. ఆ తర్వాత గిటారు డిక్కీలోంచి తీయమనండి. గది బయట గోడకి ఆనించి వెళ్లిపోవడం వద్దు, తలుపు కొట్టి, వాడి చేతికి ఇచ్చి, "ఒక పాట వాయించు, వింటాను" అని అక్కడే మంచం మీద కూర్చోమనండి. నచ్చకపోయినా చివరిదాకా కూర్చోవాలి. వాడు వాయించనంటే కాసేపు ఊరికే కూర్చుని రమ్మనండి, మర్నాడు మళ్లీ వెళ్లమనండి.

జీపీ ఏమన్నారో నాకు రాయండి. బాక్సు ఎలా తిరిగొస్తోందో కూడా రాయండి.