గిట్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు: మొదటి కమిట్‌కి ముందు, మొదటి పుష్‌కి ముందు

మీరు ముగ్గురు కలిసి జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు చేస్తున్నారు. కోడ్‌ని జిప్ చేసి వాట్సాప్‌లో పంపుకుంటుంటే ఎవరి దగ్గర కొత్త వెర్షన్ ఉందో తెలియట్లేదు. కోడ్ మార్పుల చరిత్రను దాచిపెట్టే గిట్ నేర్చుకుందామంటే ట్యుటోరియల్స్ నిండా బ్రాంచ్‌లు (పక్కపక్కనే సాగే మార్పుల దారులు), రీబేస్‌లు. ఎక్కడ మొదలుపెట్టాలన్నది మీ ప్రశ్న. బ్రాంచ్‌లు, రీబేస్ ఇప్పటికి పక్కన పెట్టేయండి. కొత్తవాళ్లకు ఎదురయ్యే చిక్కుల్లో చాలా భాగం మొదటి కమిట్ (మార్పులను చరిత్రలో నమోదు చేయడం) దగ్గర, మొదటి పుష్ (కమిట్లను గిట్‌హబ్‌కి పంపడం) దగ్గర పుట్టేవే. ఆ రెండూ శుభ్రంగా చేస్తే మిగతాది వాడుతూ వచ్చేస్తుంది. (కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి, టెర్మినల్‌లో ఇంగ్లిష్‌లో కొట్టండి.)

గిట్ వేరు, గిట్‌హబ్ వేరు. గిట్ మీ ల్యాప్‌టాప్‌లో నెట్ లేకపోయినా నడిచే ప్రోగ్రాం. లినక్స్ కెర్నెల్ పని కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రాశాడు. గిట్‌హబ్ 2008లో వచ్చిన వెబ్‌సైట్, మీ రిపాజిటరీ (ప్రాజెక్టు ఫైళ్లు, వాటి చరిత్ర) కాపీని పెట్టుకునే చోటు. కాబట్టి ముందు ఒక్కరి ల్యాప్‌టాప్‌లో మొదలుపెట్టండి. ప్రాజెక్ట్ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌లో సింక్ అయ్యే చోట ఉండకూడదు. విండోస్‌లో చాలాసార్లు డెస్క్‌టాప్ కూడా అందులోకే వెళ్తుంది, చూసుకోండి. గిట్ తన ఫైళ్లు రాస్తుండగానే వన్‌డ్రైవ్ కూడా వాటి మీద చేయి పెడితే రిపాజిటరీ పాడయ్యే ప్రమాదం ఉంది.

విండోస్‌లో గిట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎడిటర్ ఏది కావాలని అడుగుతుంది, వీఎస్ కోడ్ ఎంచుకోండి. విమ్ అనే ఎడిటర్‌నే అలా ఉంచేస్తే, మెసేజ్ ఇవ్వకుండా కమిట్ కొట్టినప్పుడు అది తెరుచుకుంటుంది, ఎలా బయటపడాలో తెలియదు. (ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టి ఎంటర్.) ఆ తర్వాత మూడు సెట్టింగులు: గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ యూజర్.నేమ్, అలాగే యూజర్.ఈమెయిల్, ఇంకా ఇనిట్.డిఫాల్ట్‌బ్రాంచ్ మెయిన్ (మొదటి బ్రాంచ్ పేరు మెయిన్ అవుతుంది). ఈమెయిల్ మీ గిట్‌హబ్ ఖాతాలో ఉన్నదే ఇవ్వండి, లేకపోతే మీ కమిట్లు మీ ప్రొఫైల్‌లో లెక్కకు రావు. ఎవరు ఎంత పని చేశారో గైడ్ అడిగినప్పుడు ఇదే ముఖ్యం. కాలేజీ ల్యాబ్ సిస్టంలో అయితే పేరు, ఈమెయిల్ --గ్లోబల్ లేకుండా, కింద చెప్పిన గిట్ ఇనిట్ అయ్యాక రిపాజిటరీ లోపలే సెట్ చేయండి. లేదంటే మీ తర్వాత కూర్చున్నవాళ్ల కమిట్లు కూడా మీ పేరు మీదే పడతాయి.

ఇప్పుడు ఫోల్డర్‌లోకి వెళ్లి గిట్ ఇనిట్ కొట్టండి, ఆ ఫోల్డర్ రిపాజిటరీ అవుతుంది. గిట్ యాడ్ (కమిట్‌లోకి వెళ్లే ఫైళ్లను ఎంచడం) మాత్రం అప్పుడే వద్దు. ముందు .గిట్‌ఇగ్నోర్ ఫైల్ (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితా) రాయాలి. మీ ప్రాజెక్టుకి అందులో ఉండాల్సినవి: వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్, పైక్యాష్ ఫోల్డర్లు, డీబీ.ఎస్‌క్యూలైట్3 (డేటాబేస్ ఫైల్), .ఎన్వ్ ఫైల్ (పాస్‌వర్డ్‌లు, కీలు ఉండేది), రియాక్ట్ కూడా ఉంటే నోడ్_మాడ్యూల్స్. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే పేరు చివర .టీఎక్స్‌టీ తగులుకుంటుంది, అప్పుడు గిట్ దాన్ని పట్టించుకోదు. వీఎస్ కోడ్‌లోనే ఫైల్ సృష్టించండి. ఆ తర్వాత గిట్ స్టేటస్ కొట్టి, వచ్చిన జాబితా లైను లైనూ చదవండి. మీ ప్రాజెక్టు కోడ్ ఫైళ్లు, ఫోల్డర్లే కనిపించాలి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఒకసారి కమిట్ అయిన ఫైల్‌ని తర్వాతి కమిట్‌లో తీసేసినా పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. 100 ఎంబీ దాటిన ఒక్క డేటాసెట్ ఫైల్ అలా ఇరుక్కుంటే గిట్‌హబ్ పుష్‌ని తిప్పికొడుతుంది, ఫైల్ డిలీట్ చేసి మళ్లీ కమిట్ చేసినా తీసుకోదు. అది చివరి కమిట్‌లోనే ఉంటే గిట్ ఆర్ఎం --క్యాష్డ్ చేసి, గిట్ కమిట్ --అమెండ్ (చివరి కమిట్‌ని మళ్లీ రాయడం) కొడితే సరిపోతుంది. ఇంకా ఒకటి రెండు కమిట్లే ఉండి, చరిత్ర పోయినా ఫర్వాలేదనుకుంటే, చరిత్ర అంతా ఉండే .గిట్ ఫోల్డర్ తీసేసి మళ్లీ ఇనిట్ నుంచి మొదలుపెట్టడమే తేలిక. --క్యాష్డ్ మర్చిపోతే మాత్రం ఫైల్ మీ డిస్క్ మీద నుంచి కూడా పోతుంది, జాగ్రత్త.

రహస్యాల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. జాంగో సెట్టింగ్స్ ఫైల్‌లో సీక్రెట్ కీ నేరుగా రాసి ఉంటుంది, ఎక్కువమంది చూసుకోనిది ఇదే. దాన్ని .ఎన్వ్‌లోకి మార్చి అక్కడి నుంచి చదివించండి. డేటాబేస్ పాస్‌వర్డ్, పేమెంట్ ఏపీఐ కీ కూడా అంతే. పొరపాటున పుష్ అయితే ఫైల్ చెరపడంతో పని అయిపోదు. ముందు ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోండి, శుభ్రం చేయడం ఆ తర్వాత.

ఇక గిట్ యాడ్, ఆపై కమిట్. ఒక పని, ఒక కమిట్. సాయంత్రం అన్నీ కలిపి 'అప్‌డేట్' అని కొడితే ఏది ఎక్కడ చెడిందో వెతకడానికి గిట్ సాయం చేయలేదు. 'ఖాళీ పాస్‌వర్డ్‌కి ఎర్రర్ చూపించడం' లాంటి మెసేజ్ చాలు. కమిట్‌కి ముందు గిట్ డిఫ్ --స్టేజ్డ్ (కమిట్‌లోకి వెళ్లబోయే మార్పులు చూపిస్తుంది) చూడటం అలవాటు చేసుకోండి, మర్చిపోయిన ప్రింట్ స్టేట్‌మెంట్లన్నీ అక్కడే దొరుకుతాయి.

గిట్‌హబ్‌లో రిపాజిటరీ తెరిచేటప్పుడు రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ ఫైల్) టిక్ పెట్టకండి, ఖాళీగా సృష్టించండి. టిక్ పెడితే అక్కడ ఒక కమిట్ పుడుతుంది. మీ కమిట్లకూ దానికీ సంబంధం లేదు కాబట్టి పుష్ రిజెక్ట్ అవుతుంది. ఇప్పటికే పెట్టేసి ఉంటే గిట్ పుల్ ఆరిజిన్ మెయిన్ --నో-రీబేస్ --అలౌ-అన్‌రిలేటెడ్-హిస్టరీస్ ఒక్కసారి కొట్టి (పుల్ అంటే గిట్‌హబ్‌లోని కమిట్లు తెచ్చి కలపడం, ఆరిజిన్ అంటే ఆ గిట్‌హబ్ రిపాజిటరీకి మామూలుగా పెట్టే పేరు), తర్వాత పుష్ చేయండి. ముగ్గురు వాడే రిపాజిటరీలో --ఫోర్స్ వద్దే వద్దు, పక్కవాళ్ల కమిట్లు మెయిన్‌లోంచి ఎగిరిపోతాయి.

2021 ఆగస్టు 13 నుంచి గిట్ పుష్‌కి గిట్‌హబ్ పాస్‌వర్డ్ పనిచేయదు. విండోస్‌లో బ్రౌజర్ తెరుచుకుని లాగిన్ అడుగుతుంది. లినక్స్‌లో టోకెన్ (పాస్‌వర్డ్ బదులు గిట్‌హబ్ ఇచ్చే కోడ్) గానీ ఎస్ఎస్‌హెచ్ కీ (మీ కంప్యూటర్‌ని గుర్తించే కీ ఫైల్) గానీ కావాలి. 403 (అనుమతి లేదు) ఎర్రర్ వస్తే రెండు చోట్ల వెతకండి: కొలాబొరేటర్‌గా చేరమని పంపిన ఆహ్వానాన్ని మీ ఫ్రెండ్ ఒప్పుకున్నారా లేదా, విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో వేరేవాళ్ల గిట్‌హబ్ ఖాతా మిగిలిపోయిందా.

రోజూ పని మొదలుపెట్టే ముందు పుల్, ముగిశాక కమిట్, మళ్లీ పుల్, ఆపై పుష్. ఇద్దరు ఒకే లైన్ మారిస్తే కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది (ఏది ఉంచాలో గిట్ తేల్చుకోలేదు), కంగారు పడకండి. ఫైల్ తెరిస్తే ఎడమ బాణపు గుర్తులు ఏడు, కింద మీ కోడ్, ఏడు ఈక్వల్ గుర్తులు, కింద అవతలివాళ్ల కోడ్, ఏడు కుడి బాణపు గుర్తులు కనిపిస్తాయి. కావాల్సిన కోడ్ ఉంచి ఆ గుర్తుల లైన్లు మూడూ చెరిపేసి, ప్రోగ్రాం నడిపి చూసి, యాడ్ చేసి కమిట్ చేయండి. అర్థం కాకపోతే గిట్ మెర్జ్ --అబార్ట్ కొట్టండి, పుల్‌కి ముందున్న స్థితికి వస్తారు. అవతలివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చేయండి.

గిట్ రీసెట్ --హార్డ్, గిట్ రిస్టోర్ అనే రెండు కమాండ్లు కమిట్ చేయని మార్పులను తుడిచేస్తాయి, గిట్ వాటిని తిరిగి ఇవ్వలేదు. కమిట్ అయినదైతే రీసెట్‌లో పోయినట్టు కనిపించినా గిట్ రెఫ్‌లాగ్‌లో దాని నంబర్ దొరుకుతుంది, మామూలు సెట్టింగుల్లో కనీసం 30 రోజులు. ఆ నంబర్‌తో గిట్ బ్రాంచ్ కాపాడింది ('కాపాడింది' మీరు పెట్టే పేరు) అని కొట్టి, ఎంటర్ నొక్కకముందే అదే లైన్ చివర ఆ నంబర్ ఇస్తే, ఆ పేరుతో బ్రాంచ్ ఏర్పడి పోయిన పని అంతా అందులో ఉంటుంది.